డోపమైన్‌కు బంద్ పెడితే...

ఇంట్లో మందుల డబ్బా ఒకసారి కిందికి దించి చూడండి. గ్యాస్‌ట్రబుల్‌కని వాడే క్యాప్సూళ్ళు అందులో ఉంటాయి. బస్సు ప్రయాణంలోనో, జ్వరంలోనో వాంతులైతే పనికొస్తాయని దాచిన మాత్రలు నాలుగు ఉంటాయి. కొన్ని ఇళ్ళలో మూడోరకం మందు కూడా ఉంటుంది. కాకపోతే అది డబ్బాలో కనిపించదు. బీరువాలో చీరల కింద ఉంటుంది. చుట్టాలు వస్తున్నారంటే ఇంకా లోపలికి పోతుంది. అది మనసు జబ్బుకు వాడే మందు.

విచిత్రమేమిటంటే, చాలాసార్లు ఈ మూడూ చేసే పని ఒక్కటే. మెదడులో డోపమైన్ అనే రసాయనం చేరాల్సిన చోటికి చేరకుండా అడ్డుపడటం! మొదటి రెండింటినీ పక్కింటివాళ్ళకు కూడా ధైర్యంగా ఇచ్చేస్తాం. మూడోదాన్ని సొంత అల్లుడికి కూడా కనపడనివ్వం. నిజానికి మూడింటి విషయంలోనూ జాగ్రత్త కావాలి, మూడింటి విషయంలోనూ సిగ్గు అక్కర్లేదు.

గోదావరిఖని, రామగుండం లాంటి బొగ్గు బెల్టు ఊళ్ళలో ఈ సంగతి తెలుసుకోవాల్సిన అవసరం మరీ ఎక్కువ. ఎందుకంటారా? అక్కడ మూడు షిఫ్టుల బతుకు ఉంది, మే నెల ఎండ ఉంది, మస్టర్ల లెక్క ఉంది. వీటికీ డోపమైన్‌కూ సంబంధం ఏమిటో చూద్దాం.

తాళంలో ఇరుక్కున్న చెవి

మెదడులో ఒక కణం ఇంకో కణానికి కబురు పంపాలంటే చిన్నమెత్తు రసాయనాన్ని విడుదల చేస్తుంది. అలాంటి కబురు మోసేవాళ్ళలో డోపమైన్ ఒకటి. అవతలి కణం మీద దాని కోసమే తయారైన గ్రాహకాలు ఉంటాయి. గ్రాహకం తాళమైతే డోపమైన్ తాళంచెవి. చెవి దూరి తిరిగితే తలుపు తెరుచుకుంటుంది, కబురు అందుతుంది.

డోపమైన్‌ను అడ్డుకునే మందు కూడా చెవి లాంటిదే. కానీ తాళంలో దూరుతుంది గానీ తిరగదు. తలుపు తీయదు, అసలు చెవిని రానివ్వదు. అంతే దాని పని.

డోపమైన్ ఒక్క పనికే పరిమితమైతే బాధ లేకపోయేది. చేతులు కాళ్ళు సాఫీగా కదలడానికి అది కావాలి. వాంతి రావాలా వద్దా అన్నదాంట్లో దాని పాత్ర ఉంది. ఒంటి వేడిని అదుపులో ఉంచడంలో ఉంది. పాలిచ్చే తల్లికి తప్ప మిగతావారికి పాలు పడకుండా ఆపేదీ అదే. లోకంలో ఏది ముఖ్యం, ఏది కాదు అని మనసుకు గుర్తు చేసేదీ అదే. ఇన్ని చోట్ల డ్యూటీ చేసేదానికి బంద్ పెడితే ఒక్కచోటే ఆగుతుందా? జబ్బు తగ్గడమూ, ఇబ్బందులు రావడమూ రెండూ ఆ ఒక్క బంద్ ఫలితమే.

పాము వేరు, దూలగొండి గింజ

ఈ కథలో మన నేల మీది మొక్కలు రెండున్నాయి. ఒకటి సర్పగంధి. దాని వేరును మనసు చెదిరినవారికి ఇవ్వడం మన నాటువైద్యంలో ఎప్పటినుంచో ఉంది. 1931లో కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే వైద్యులు ఆ వేరు రక్తపోటుకూ, ఉన్మాదానికీ పనిచేస్తుందని వైద్య పత్రికలో రాశారు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు అందులోంచి రెసర్పిన్‌ను వేరుచేశారు. ఇది తాళానికి అడ్డుపడే మందు కాదు. అంతకంటే మొరటుది, గోదాములో ఉన్న సరుకునే ఖాళీ చేయిస్తుంది.

రెండోది దూలగొండి. చేనుగట్ల మీద ఆ కాయ ఒంటికి తగిలితే దురదతో గంతులేయాల్సిందే. దాని గింజల్లోంచి 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే పరిశోధకులు ఎల్-డోపా అనే పదార్థాన్ని తీశారు. శరీరం డోపమైన్‌ను తయారుచేసుకునే ముడిసరుకు అదే. అప్పటికి మెదడులో దానితో ఏం పనో ఎవరికీ తెలియదు.

ఈ రెండింటినీ ఒకచోట చేర్చింది స్వీడన్ శాస్త్రవేత్త అర్విద్ కార్ల్‌సన్. 1957లో ఆయన బృందం కుందేళ్ళకు రెసర్పిన్ ఇచ్చింది. అవి చెవులు వేలాడేసి, కదలక మెదలక పడిపోయాయి. తర్వాత ఎల్-డోపా సూది వేస్తే కాసేపట్లో లేచి తిరిగాయి! గోదాము ఖాళీ అయితే కదలిక ఆగింది, ముడిసరుకు అందితే మళ్ళీ వచ్చింది. డోపమైన్ లేకపోతే కదలిక లేదని అలా తేలింది. 1960లో వియన్నాకు చెందిన హార్నికీవిచ్, పార్కిన్‌సన్స్ అనే వణుకుడు జబ్బుతో చనిపోయినవారి మెదళ్ళలో డోపమైన్ బాగా తరిగిపోయిందని చూపించారు. ఆ దారిలోనే ఎల్-డోపా మందుగా మారింది. ఈ పరిశోధనలకే కార్ల్‌సన్ 2000 సంవత్సరం నోబెల్ బహుమతిలో భాగం అందుకున్నారు. (అలాగని దూలగొండి గింజలు ఇంట్లో నూరుకుని మింగకండి. మోతాదు తెలియని మందు మందు కాదు.)

మంచు నుంచి మనసుకు

అసలైన అడ్డుచెవి దొరికింది మాత్రం ఫ్రాన్సులో, అదీ వేరే పనికోసం వెతుకుతుంటే. 1950 చివర్లో రోన్ పులెంక్ కంపెనీలో క్లోర్‌ప్రోమజైన్ తయారైంది. హెన్రీ లాబోరీ అనే నౌకాదళ సర్జన్ దాన్ని ఆపరేషన్లలో వాడి చూశారు. ఒంటి వేడిని తగ్గించి, శరీరాన్ని శీతనిద్రలాంటి స్థితిలో ఉంచితే ఆపరేషన్ దెబ్బను తట్టుకుంటుందని ఆయన ఆలోచన. అంటే శరీరం తన వేడిని తాను కాపాడుకునే ఏర్పాటును మందగింపజేయడమే ఆయనకు కావాల్సింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, రామగుండం ఎండ దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

మందు తీసుకున్న రోగులు మెలకువగానే ఉన్నారు. కానీ చుట్టూ జరిగేది పట్టనట్టు ఉన్నారు. ఇది మనసు జబ్బులకు పనికొస్తుందేమోనని లాబోరీకి తట్టింది. 1952లో పారిస్‌లోని సెయింట్ ఆన్ ఆస్పత్రిలో జాన్ డిలే, పియర్ డెనికర్ మంచు పక్కనపెట్టి మందు ఒక్కటే ఇచ్చారు. రోగులు నెమ్మదించారు, మాట్లాడారు. 1958లో బెల్జియంలో పాల్ జాన్సెన్ ప్రయోగశాల హాలోపెరిడాల్‌ను తయారుచేసింది.

ఇవి ఎలా పనిచేస్తున్నాయో అప్పటికి ఎవరికీ అంతుబట్టలేదు. గ్రాహకానికి అడ్డుపడుతున్నాయని 1963లో కార్ల్‌సన్ బృందమే ఊహించింది. 1975, 76 సంవత్సరాల్లో కెనడాలో ఫిలిప్ సీమన్, అమెరికాలో సాల్మన్ స్నైడర్ బృందాలు ఆ గ్రాహకాన్ని పట్టుకున్నాయి. ఏ మందు ఆ తాళానికి ఎంత గట్టిగా అతుక్కుంటుందో, రోగికి అది అంత తక్కువ మోతాదులో సరిపోతోందని తేలింది. స్కిజోఫ్రేనియాలో డోపమైన్ పాత్ర ఉందన్న ఆలోచనకు పెద్ద బలం అక్కడే దొరికింది. జబ్బును చూసి మందు కనిపెట్టలేదు, మందును చూసి జబ్బును అర్థం చేసుకున్నారన్నమాట!

ఆ తర్వాత 1980లలో స్టాక్‌హోమ్‌లో లార్స్ ఫార్డే బృందం రాక్లోప్రైడ్ అనే అడ్డుచెవికి కొద్దిపాటి రేడియోధార్మికత తగిలించి, పెట్ స్కానర్‌లో బతికున్న మనిషి మెదడునే చూసింది. ఎన్ని తాళాలు మూసుకుపోయాయో లెక్క తెలిసింది. చాలా మందుల విషయంలో సుమారు 65 శాతం తాళాలు మూస్తే జబ్బు తగ్గడం మొదలవుతుంది. 80 శాతం దగ్గరకు వస్తే ఒళ్ళు బిగుసుకోవడం, వణుకు మొదలవుతాయి. మధ్యలో ఉన్నది సన్నటి దారి. మోతాదు పెంచినకొద్దీ జబ్బు తగ్గుతుందనుకోవడం తప్పని అలా రుజువైంది. ఒకప్పుడు గుప్పెళ్ళకొద్దీ ఇచ్చిన మందును ఇప్పుడు మిల్లీగ్రాముల్లో కొలిచి ఇస్తున్నది అందుకే.

ఇంకో ముచ్చట. 2001లో కెనడాలోని వాంకూవర్‌లో పార్కిన్‌సన్స్ రోగులకు మందని నమ్మించి ఉప్పునీళ్ళ సూది వేసి, ఇదే పద్ధతిలో స్కాన్ తీశారు. ఉత్త నీళ్ళకే వాళ్ళ మెదడు సొంతంగా డోపమైన్ విడుదల చేసింది. డాక్టరు మీది నమ్మకానికి ఒక రసాయనం ఉందని కంటితో చూసినట్టయింది.

ఎలుక చెప్పిన నిజం

డోపమైన్ అంటే 'ఆనందాన్నిచ్చే రసాయనం' అని ఇప్పుడు చిన్నపిల్లలు కూడా చెబుతున్నారు. సెల్‌ఫోన్ గురించి ఉపన్యాసం ఇచ్చే ప్రతివారి నోటా ఇదే మాట. అడ్డుకునే మందులతో చేసిన ప్రయోగాలు మాత్రం కథ అంత తేలిక కాదంటున్నాయి.

మొదట్లో శాస్త్రవేత్తలూ అలాగే అనుకున్నారు. 1978లో కెనడాలో రాయ్ వైజ్ బృందం ఎలుకలకు పిమోజైడ్ అనే అడ్డుమందు ఇచ్చింది. తిండి కోసం మీట నొక్కడం అవి క్రమంగా మానేశాయి. తిండిలో రుచి పోయిందని అర్థం చేసుకున్నారు.

1991లో అమెరికాలో జాన్ సాలమోన్ బృందం ప్రశ్నను కాస్త మార్చి అడిగింది. ఎలుక ముందు రెండు దారులు పెట్టారు. మీట పదేపదే నొక్కితే ఇష్టమైన తిండి. ఏ కష్టం లేకుండా పక్కనే మామూలు తిండి. మందు లేనప్పుడు ఎలుకలు కష్టపడి మంచి తిండే తెచ్చుకున్నాయి. కొద్ది మోతాదులో హాలోపెరిడాల్ ఇచ్చాక మీట దగ్గరికి పోవడం తగ్గించి, పక్కనున్న మామూలు తిండి ఎక్కువ తిన్నాయి. ఆకలి చావలేదు. తినడం మానలేదు. పోయింది ఏమిటి? కష్టపడి సాధించుకోవాలనే పూనిక! మిషిగన్‌లో కెంట్ బెరిడ్జ్ ప్రయోగాలూ ఇదే వైపు చూపాయి. మెదడులో డోపమైన్ దాదాపు లేకుండా చేసినా, తీపి నాలుకకు తగిలితే ఎలుక లొట్టలేస్తూనే ఉంది. ఇష్టం వేరు, దానికోసం లేచి నడవడం వేరు. డోపమైన్ రెండోదానికి ఎక్కువ కావాలి.

మనుషుల్లోనూ చూశారు. 2006లో పెసీలియోన్ అనే శాస్త్రవేత్త బృందం ఆరోగ్యవంతులకు డబ్బులు గెలిచే ఆట పెట్టింది. కొందరికి ఎల్-డోపా, కొందరికి హాలోపెరిడాల్ ఇచ్చారు. ఎటు నొక్కితే లాభం వస్తుందో నేర్చుకోవడంలో హాలోపెరిడాల్ తీసుకున్నవారు వెనకబడ్డారు.

ఇప్పుడు ఎలుకను వదిలి మన ఇంటికి వద్దాం. బాపు గనిలో పనిచేస్తాడు. కొడుక్కు పాతికేళ్ళు. చెవిలో మాటలు వినిపిస్తున్నాయని, ఎవరో వెంటపడుతున్నారని భయపడితే ఆస్పత్రిలో చూపించారు. మందుతో ఆ మాటలు ఆగాయి. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ పిల్లాడు మంచం దిగడు. స్నానానికి పదిసార్లు చెప్పాలి. పెట్టింది తింటాడు, కావాలని అడగడు. షిఫ్టు దిగి వచ్చిన తండ్రికి ఒళ్ళు మండుతుంది. ''రోగం పోయిందిగదా, ఇంకేం పుట్టిందిరా? దున్నపోతులెక్క తిని పంటున్నవ్'' అంటాడు. తల్లి కొంగుతో కళ్ళొత్తుకుంటుంది.

ఇది బద్ధకం కాదు. ఆ జబ్బులోనే పూనికను తినేసే గుణం ఒకటి ఉంది. దానికి తోడు మందు వేసే అడ్డు ఒకటి. తిడితే తాళం తెరుచుకోదు. చేయాల్సింది ఏమిటంటే, ఈ మార్పును డాక్టరుకు చెప్పడం. ''మాటలు వినపడటం తగ్గింది, కానీ మనిషి మందగించాడు'' అన్న ఒక్క వాక్యం చాలు. మోతాదు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు. ఇంట్లో చిన్నచిన్న పనులు రోజూ ఒకే వేళకు చేయించవచ్చు. సన్నటి దారిలో ఎక్కడున్నాడో డాక్టరుకు చెప్పగలిగేది ఇంట్లోవాళ్ళే.

వేలూరు పరీక్ష

ఈ మందుల మీద ప్రపంచమంతా చదివిన పరిశోధన ఒకటి మన పొరుగునే జరిగింది. చిత్తూరు జిల్లావాళ్ళకు కరీంనగర్ కంటే దగ్గరైన వేలూరు సి.ఎం.సి. ఆస్పత్రిలో.

మనసు చెదిరి చేయి చేసుకునే స్థితిలో రోగిని నలుగురు పట్టుకొస్తే ఏ సూది వేయాలి? ఖరీదైనదా, చవకదా? పుస్తకాల్లో అభిప్రాయాలున్నాయి గానీ సరైన పరీక్ష లేదు. 2004లో అచ్చయిన వేలూరు అధ్యయనంలో 200 మంది రోగులను చీటీలు తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు హాలోపెరిడాల్, ప్రోమెథజైన్ కలిపి. ఇంకో జట్టుకు లోరాజెపామ్. రెండూ పనిచేశాయి, మొదటిది త్వరగా పనిచేసింది. 2007లో 300 మందితో ఇంకో అధ్యయనం. ఈసారి పోటీ కొత్త మందు ఒలాంజపైన్ సూదితో. నెమ్మదింపజేయడంలో రెండూ సమానమే. కానీ నాలుగు గంటల్లోపు మళ్ళీ మందు వేయాల్సి వచ్చింది ఒలాంజపైన్ జట్టులో 43 శాతానికి, పాత జోడీలో 21 శాతానికే. చవకది ఓడిపోలేదు!

అదే సమయంలో బ్రెజిల్‌లోని రియోలో హాలోపెరిడాల్ ఒక్కటే వేసి చూస్తే కొందరికి కండరాలు పట్టేశాయి. ప్రోమెథజైన్ జోడించినవారిలో ఆ బాధ కనిపించలేదు. ఆ అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. జోడీ మందు ఎందుకు వేస్తారో ఇప్పుడు అర్థమైంది కదా? పెద్ద ఊరికి పోలేని చిన్న ఆస్పత్రికి ఈ ఫలితాలు పెద్ద భరోసా.

మాత్రల విషయంలోనూ తెలుగువాళ్ళ చెయ్యి ఉంది. ఒలాంజపైన్ మీద అమెరికా కంపెనీ పేటెంటు ముగిసిన 2011లో, 20 మిల్లీగ్రాముల మాత్రను అక్కడి మార్కెట్లో జెనెరిక్‌గా దింపింది హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీసే.

మే నెల ఎండ, నైట్ షిఫ్టు

లాబోరీ మాట గుర్తుంది కదా? ఒంటి వేడిని కాపాడే ఏర్పాటును మందగించే గుణం ఈ మందుల్లో ఉంది. కొన్నిటికి చెమట తగ్గించే గుణం కూడా ఉంది. వాటితో పాటు వణుకు రాకుండా ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్‌కు అది మరీ ఎక్కువ. పారిస్ చలిలో దీనివల్ల వచ్చిన నష్టం లేదు. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటడం కొత్తకాని రామగుండంలో ఉంది. ఓపెన్‌కాస్టులో బొగ్గూ బండా కలిసి సెగలు కక్కుతుంటే, డంపర్ మీద ఉన్న మనిషికి చెమటే రక్ష. ఆ చెమట తగ్గితే వడదెబ్బ త్వరగా తగులుతుంది.

కాబట్టి ఈ మందులు వాడేవారు మిట్టమధ్యాహ్నం ఎండలో తిరగకూడదు. దాహం వేయకపోయినా నీళ్ళు, మజ్జిగ తాగుతూ ఉండాలి. ఎండాకాలం రాకముందే మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడాలి. జ్వరం బాగా పెరిగి, ఒళ్ళు కట్టెలా బిగుసుకుని, మాట తడబడితే ''వడదెబ్బే, ఉల్లిగడ్డ రుద్దుదాం'' అని కూర్చోకండి. ఈ మందులవల్ల అరుదుగా వచ్చే ప్రమాదం అది. గంటలు లెక్క. వెంటనే ఆస్పత్రికి తీసుకుపోయి, ఏ మందు వాడుతున్నారో చెప్పాలి.

ఇక షిఫ్టుల సంగతి. ఈ మందుల్లో చాలావాటికి మత్తు ఉంది. రాత్రి పడుకునే ముందు వేసుకోమంటారు. నైట్ షిఫ్టు చేసేవారికి రాత్రి ఎప్పుడు, పగలెప్పుడు? మాత్ర వేసుకుని గనిలోకి దిగితే యంత్రం దగ్గర కునుకు. వేసుకోకపోతే జబ్బు తిరగబెడుతుంది. నాగాలు పెరిగితే మస్టర్లు తగ్గుతాయి, ఛార్జిషీటు వస్తుందన్న భయం. ఈ భయంతోనే చాలామంది మందును దాస్తారు. ఖనుల నిబంధనల ప్రకారం కనీసం అయిదేళ్ళకోసారి జరిగే వైద్యపరీక్షలో కూడా నోరు విప్పరు. 'అన్‌ఫిట్' అంటారేమోనని గుబులు.

గుబులు అర్థం చేసుకోదగ్గదే. కానీ చట్టం ఒకటి అండగా ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో మానసిక అనారోగ్యం, పార్కిన్‌సన్స్ రెండూ ఉన్నాయి. ప్రభుత్వ సంస్థల్లో పనిచేస్తూ వైకల్యం వచ్చిన ఉద్యోగిని తీసేయడం గానీ, హోదా తగ్గించడం గానీ కూడదని, పాత పనికి తగకపోతే అదే జీతం మీద వేరే పనికి మార్చాలని ఆ చట్టం చెబుతోంది. దాచి ప్రమాదం తెచ్చుకోవడం కంటే చెప్పి పని మార్పించుకోవడం మేలు. అది ఆ మనిషికే కాదు, అదే షిఫ్టులో పక్కన పనిచేసేవాడికీ క్షేమం. రోజూ మాత్ర కుదరనివారికి వారాల తరబడి పనిచేసే సూదులున్నాయి, అవి కూడా అడగవచ్చు.

మెడ తిరిగితే దయ్యం కాదు

ఇప్పుడు మందుల డబ్బాలోని మిగతా రెండు. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్ కూడా అడ్డుచెవే. పెరినార్మ్ పేరుతో చాలామందికి తెలుసు. ఒక్కోసారి, ముఖ్యంగా పిల్లలకూ, వయసు ఆడపిల్లలకూ ఇది వేసిన కొన్ని గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో మెడ ఒక పక్కకు మెలితిరుగుతుంది. కళ్ళు పైకి తేలిపోతాయి. దవడ పట్టేస్తుంది. చూసినవాళ్ళకు గుండె జారిపోతుంది. ''గాలి సోకింది'', ''బాణామతి చేసిండ్రు'' అని భూతవైద్యుడి దగ్గరికి పరుగెత్తుతారు. వేపమండలూ, దెబ్బలూ ఏమీ అక్కర్లేదు. ఆస్పత్రిలో ఒక్క సూదితో చాలావరకు అరగంటలో సర్దుకుంటుంది. ఐరోపా ఔషధ సంస్థ 2013లో ఈ మందును అయిదు రోజులకు మించి వాడొద్దని, ఏడాదిలోపు పిల్లలకు ఇవ్వనే వద్దని చెప్పింది.

డామ్‌పెరిడాన్ మెదడులోకి అంతగా దూరదు కాబట్టి మెడ తిప్పే గోల తక్కువ. కానీ గుండె లయను చెదరగొట్టే గుణం ఉంది. మామూలుగా వారం రోజులు చాలని అదే సంస్థ 2014లో చెప్పింది. మన దగ్గరేమో అసిడిటీ మందులో దీన్నో, లెవోసల్‌పిరైడ్‌నో కలిపిన క్యాప్సూళ్ళను పరగడుపున నెలల తరబడి మింగేవారున్నారు. ఇంట్లో పెద్దాయన నడక మెల్లగా మారి, చేయి వణుకుతూ, ముఖంలో కళ తగ్గితే వయసు మీద పడిందని వదిలేయకండి. గ్యాస్ క్యాప్సూల్ అట్టమీద ఏం రాసుందో చూసి, ఆ అట్టను డాక్టరుకు చూపించండి. మందు ఆపితే చాలామందిలో నెమ్మదిగా తగ్గిపోయే వణుకు అది.

ఆడపిల్లల విషయంలో ఒక ముఖ్యమైన మాట. పాలు పడకుండా ఆపేది డోపమైన్ అని ముందే చెప్పుకున్నాం. రిస్పెరిడోన్, లెవోసల్‌పిరైడ్ లాంటివి దానికి అడ్డుపడితే నెలసరి తప్పవచ్చు. పెళ్ళికాని పిల్లకు కూడా రొమ్ముల్లో పాలు రావచ్చు. అనుమానంతో ఆ పిల్లను వేధించకండి. డాక్టరుకు చెప్పండి, మందు మారిస్తే సర్దుకుంటుంది.

ఇంకో మూడు గుర్తులు. కొత్తగా మందు మొదలుపెట్టాక మనిషి కాలుగాలిన పిల్లిలా ఒకచోట నిలవకుండా తిరుగుతుంటే జబ్బు ముదిరిందనుకోకండి, మందువల్ల కావచ్చు. ఏళ్ళ తరబడి వాడినవారు పాన్ నములుతున్నట్టు నోరు ఆడిస్తుంటే అదీ చెప్పాలి. క్లోజపైన్ వాడేవారికి రక్తంలో తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు, అందుకే తరచూ రక్తపరీక్ష చేయిస్తారు. ఎగ్గొట్టకూడదు. మతిమరుపు వచ్చిన ముసలివారిని నోరు మూయించడానికి ఈ మందులు ఇవ్వడం కూడదు. వారిలో మరణాలు పెరుగుతున్నాయని 2005లోనే అమెరికా హెచ్చరిక జారీచేసింది.

ఆపేది మనం కాదు

ఇదంతా చదివి ''అమ్మో, ఇన్ని ఇబ్బందులా? ఇవాళే ఆపేద్దాం'' అనుకుంటున్నారేమో. ఆ పని మాత్రం చేయకండి! మనసు జబ్బు మందును ఉన్నట్టుండి ఆపితే పోయిన మాటలు మళ్ళీ వినిపిస్తాయి. పాత భయం తిరిగొస్తుంది. ఒక్కోసారి మొదటికంటే గట్టిగా. 1952కు ముందు ఈ జబ్బు వచ్చినవారికి గదీ గొలుసే గతి. ఇవాళ అదే జబ్బున్నవారు ఉద్యోగం చేస్తున్నారు, సంసారం చేస్తున్నారు. ఆ తేడా తెచ్చింది ఈ అడ్డుచెవే.

ఒకప్పుడు బొగ్గు బెల్టు నుంచి ఈ వైద్యానికి కరీంనగరో, వరంగల్లో, హైదరాబాదో పోవాల్సి వచ్చేది. 'ఎర్రగడ్డ' అన్నది ఆస్పత్రి ఉన్న పేట పేరని మరిచిపోయి, తిట్టుగా మార్చుకున్నాం. ఆ తిట్టుకు భయపడి ఎంతమంది వైద్యానికి దూరమయ్యారో! 2022లో రామగుండంలోనే ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అదే ఏడాది అక్టోబరులో దేశమంతటా టెలీ మానస్ ఫోన్ సేవ వచ్చింది. 14416కు ఏ వేళలోనైనా, పైసా ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడవచ్చు. నైట్ షిఫ్టు దిగి వచ్చాక కూడా.

మందు తన పని చేస్తుంది, మాటలను ఆపుతుంది, భయాన్ని తగ్గిస్తుంది. పూనిక మాత్రం మందు ఇవ్వలేదు. దాన్ని మళ్ళీ అలవాటు చేయాల్సింది ఇంట్లోవాళ్ళే. ఇవాళ మంచం దిగి బకెట్‌లో నీళ్ళు పట్టుకున్న కొడుకును చూసి ''ఇంతేనా'' అనకండి. మీటకూ తిండికీ మధ్య ఉన్న దూరం వాడికి మనకంటే పది రెట్లు ఎక్కువ. అంత దూరం నడిచొచ్చినవాడికి ''మంచిగ చేసినవ్ బిడ్డా'' అని ఒక్క మాట అనండి.